పోర్ట్రెయిట్‌కి ఏ లెన్స్? రేంజ్‌ఫైండర్ చెప్పే జవాబు

1950లో టోక్యోలో ఓ మామూలు ఫోటోతో మొదలైన కథ ఇది. అమెరికన్ ‘లైఫ్’ పత్రిక ఫోటోగ్రాఫర్ డేవిడ్ డగ్లస్ డంకన్ అప్పుడు పని మీద జపాన్‌లో ఉన్నాడు. జున్ మికి అనే యువ జపనీస్ ఫోటోగ్రాఫర్ ఆయన్ని ఫోటో తీశాడు. వెలుతురు అంతంతమాత్రం. డంకన్ ఆ ఫోటోను పెద్దగా పట్టించుకోలేదు. ప్రింటు చేతికొచ్చాక మాత్రం ఆ లెన్స్ ఎవరు చేశారో కనుక్కోకుండా ఉండలేకపోయాడు. అది నిప్పన్ కొగాకు (నేటి నికాన్) కంపెనీ తయారుచేసిన 85 మి.మీ., ఎఫ్/2 నిక్కోర్. డంకన్ ఆ కంపెనీకి వెళ్లి, జర్మన్ లెన్సులతో పోల్చి చూసి, నిక్కోర్ లెన్సులు కొని తన లైకా కెమెరాలకు బిగించుకున్నాడు. జూన్‌లో కొరియా యుద్ధం మొదలైంది. ఆ లెన్సులతోనే యుద్ధరంగానికి వెళ్లాడు. డిసెంబర్‌లో న్యూయార్క్ టైమ్స్ ఈ జపాన్ లెన్సుల గురించి రాసింది. నికాన్ పేరు అమెరికాలో మారుమోగడానికి అది పెద్ద కారణం.

ఒక మనిషి ముఖాన్ని రేంజ్‌ఫైండర్ కెమెరా మీద 85 మి.మీ. లెన్స్‌తో తీయడం వల్ల జరిగిందిదంతా. 75, 85, 90, కాస్త అటుగా 100 మి.మీ. దాకా ఉన్న లెన్సులను షార్ట్ టెలిఫోటో అంటారు. ముఖాలకు ఇవే బాగుంటాయని ఫోటోగ్రఫీ నేర్చుకునే ప్రతివాళ్లూ వింటారు. కానీ రేంజ్‌ఫైండర్ మీద వీటిలో ఏది కొనాలన్నది ఎస్‌ఎల్‌ఆర్ మీద ఎంచుకున్నంత తేలిక కాదు. ఇక్కడ లెన్స్ కన్నా ముందు చూసుకోవాల్సింది కెమెరాని.

ముందు, ముఖానికి 50 మి.మీ. ఎందుకు చాలదో చూద్దాం. తలా భుజాలూ వచ్చేలా నిలువు ఫ్రేమ్‌లో తీయాలంటే 90 మి.మీ. లెన్స్‌తో సుమారు మీటరున్నర దూరంలో నిలబడాలి. అదే ఫ్రేమ్ 50 మి.మీ.తో కావాలంటే 83 సెంటీమీటర్ల దగ్గరికి వెళ్లాలి. 35 మి.మీ. అయితే 58 సెంటీమీటర్లకు. ముక్కు కొసకీ చెవికీ మధ్య 12 సెంటీమీటర్లనుకుందాం. మీటరున్నర నుంచి చూస్తే చెవితో పోల్చినప్పుడు ముక్కు 8 శాతం పెద్దదిగా కనిపిస్తుంది. 83 సెంటీమీటర్ల నుంచి 14 శాతం, 58 నుంచి 20 శాతం. ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోయిన ఫోటోలు ఇలాగే తయారవుతాయి. ముఖాన్ని మార్చేది లెన్స్ కాదు, మనం నిలబడ్డ దూరం. ఆ దూరంలో నిలబడి కూడా ఫ్రేమ్ నింపుకోనివ్వడమే షార్ట్ టెలిఫోటో చేసే పని. పైగా ఎదుటి మనిషికి కాస్త ఊపిరాడుతుంది. మీటరులోపు దూరంలో కెమెరా ముఖం మీదికి వస్తే ఎవరైనా బిగుసుకుపోతారు.

ఇప్పుడు కెమెరా సంగతి. రేంజ్‌ఫైండర్‌లో మనం లెన్స్ గుండా చూడం. పక్కనున్న చిన్న కిటికీ గుండా చూస్తాం. దానికి కొంచెం దూరంగా రెండో కిటికీ ఉంటుంది. ఆ రెండో కిటికీ బొమ్మ వ్యూఫైండర్ మధ్యలో ఒక చిన్న చతురస్రంలో పడుతుంది. ఫోకస్ తప్పితే అక్కడ రెండు బొమ్మలు కనిపిస్తాయి. రింగ్ తిప్పుతూ రెండింటినీ ఒకటి చేస్తే ఫోకస్ కుదిరినట్టు. రెండు కిటికీల మధ్య దూరం ఎంత ఎక్కువైతే కొలత అంత నిక్కచ్చి. వ్యూఫైండర్ బొమ్మను ఎంత పెద్దదిగా చూపిస్తుందన్నదీ ఇందులో కలుస్తుంది. కిటికీల దూరాన్ని ఆ మాగ్నిఫికేషన్‌తో గుణిస్తే వచ్చేదే అసలు కొలత.

1954లో వచ్చిన లైకా ఎం3 వ్యూఫైండర్ మాగ్నిఫికేషన్ 0.91. అందులో ఈ కొలత దాదాపు 62 మి.మీ. తర్వాత వచ్చిన ఎం2, 1984 నాటి ఎం6 లాంటివి ఎక్కువగా 0.72వి. వాటిలో ఇది 50 మి.మీ. దగ్గర్లో ఉంటుంది. తక్కువ ఖర్చులో చాలామందికి రేంజ్‌ఫైండర్ రుచి చూపించిన వోయిగ్ట్‌లాండర్ బెస్సా ఆర్‌లో మాత్రం 26 మి.మీ. లోపే. అంటే ఒకే లెన్స్ ఎం3 మీద నమ్మకంగా ఫోకస్ అయి, బెస్సా మీద తడబడవచ్చు. తప్పు లెన్స్‌ది కాదు.

తడబడితే నష్టం ఎంత? 90 మి.మీ. లెన్స్‌ను ఎఫ్/2 దగ్గర పెట్టి, మీటరున్నర దూరంలోని ముఖం మీద ఫోకస్ చేస్తే స్పష్టంగా వచ్చే లోతు మొత్తం మూడు సెంటీమీటర్లు. ఎఫ్/4కి తగ్గిస్తే ఆరు సెంటీమీటర్లు దాటుతుంది. 75 మి.మీ. ఎఫ్/1.4తో మీటరు దూరంలో తీస్తే ఒకటిన్నర సెంటీమీటరు కూడా ఉండదు. కూర్చున్న మనిషి ఊపిరి పీల్చినప్పుడు తల కదిలే దూరం అది.

ఓ చిన్న ఉదాహరణ. బొట్టు పెట్టుకున్న ఆమెను ఫోటో తీస్తున్నారనుకోండి. రేంజ్‌ఫైండర్ చతురస్రంలో రెండు బొట్లు కనిపిస్తాయి. ముదురు రంగు కాబట్టి వాటిని ఒకటి చేయడం చాలా సులువు. చేయి అటే వెళ్తుంది. కానీ కన్ను నుదుటికన్నా లోపలికి ఉంటుంది. ఎఫ్/2 దగ్గర బొట్టు చురుగ్గా వచ్చి కన్ను మసకబారడానికి ఆ తేడా చాలు. కాబట్టి కెమెరా వైపున్న కంటి మీదే కలపాలి. కళ్లజోడు ఉంటే సాయంగా ఉంటుంది, ఎందుకంటే బొమ్మలు పక్కకు జరుగుతాయి గనుక ఫ్రేమ్ నిలువు అంచుల్ని కలపడం తేలిక. అది కూడా కంటికి కాస్త ముందుంటుందని మరవకూడదు. చేయి తిరిగినవాళ్లు ఇంకో పద్ధతి పాటిస్తారు. రింగ్‌ను దాదాపు సరైన దూరానికి తిప్పి వదిలేసి, ఆ తర్వాత నడుమును కొద్దిగా ముందుకో వెనక్కో వంచుతూ బొమ్మలు కలిసిన క్షణంలో మీట నొక్కుతారు.

ఫ్రేమ్ గీతల మాట కూడా ఉంది. రేంజ్‌ఫైండర్‌లో లెన్స్ మార్చినా కనిపించే దృశ్యం మారదు. దాని మీద వెలిగే తెల్లగీతల చట్రం మాత్రమే మారుతుంది. 28 మి.మీ. చట్రం 0.72 వ్యూఫైండర్‌ను దాదాపు నింపేస్తే, 90 మి.మీ. చట్రం అందులో పదో వంతు చోటు తీసుకుంటుంది. ముఖంలో కదలాడే భావాన్ని అంత చిన్న చట్రంలో చదవాలి. ఎం6లో 75 మి.మీ. చట్రానికి పూర్తి గీతలు కూడా ఉండవు. 50 చట్రం లోపల మూలల్లో చిన్న గుర్తులుంటాయి, అంతే. ఎం3లో 75 చట్రమే లేదు, 50, 90, 135 మాత్రమే. 85 మి.మీ. లెన్స్‌కు లైకా ఎం కెమెరాల్లో సొంత చట్రం లేదు. 90 చట్రంతో సరిపెట్టుకుంటే ఫోటోలో చుట్టూ కాస్త ఎక్కువే వస్తుంది, దానివల్ల బాధ లేదు. లెన్స్ గుండా కాక విడి కిటికీ గుండా చూడటంలో ఒక మేలు కూడా ఉంది. ఎస్‌ఎల్‌ఆర్‌లో మీట నొక్కిన క్షణంలో అద్దం లేచి దృశ్యం మాయమవుతుంది. ఇక్కడ అలా కాదు. కన్ను రెప్పవాల్చిందా, నవ్వు నిలిచిందా అన్నది ఆ క్షణంలోనే కనిపిస్తుంది. షట్టర్ చప్పుడు కూడా తక్కువ.

ఇవన్నీ లెక్కలోకి తీసుకుంటే, పెద్ద అపర్చర్ కోసం ఉబలాటపడటం రేంజ్‌ఫైండర్ మీద చాలాసార్లు డబ్బు దండగే. 1980లో వచ్చిన 75 మి.మీ. ఎఫ్/1.4 సమ్మిలక్స్, లైకా తయారీ సంస్థ లైట్జ్‌కి కెనడాలో ఉన్న కర్మాగారంలో వాల్టర్ మాండ్లర్ రూపొందించిన గొప్ప లెన్స్. అందులో అనుమానం లేదు. కానీ బరువు అరకిలో దాటుతుంది, దాన్ని పూర్తిగా తెరిచి ప్రతిసారీ కంటి మీద ఫోకస్ కుదర్చడం ఆరితేరినవాళ్లకే కష్టం. దాని పక్కన వోయిగ్ట్‌లాండర్ 75 మి.మీ. ఎఫ్/2.5 కలర్ హీలియర్‌ని పెట్టి చూడండి. బరువు పావుకిలో లోపే. ముఖానికి కావలసిన స్పష్టత పుష్కలం. 0.72 వ్యూఫైండర్ ఉన్నవాళ్లకు ఇంతకన్నా తెలివైన ఎంపిక తక్కువ. 90 మి.మీ. ఇష్టపడేవాళ్లకు లైకా ఎఫ్/2.8 ఎల్మారిట్ ఉంది. 1931 నుంచి దశాబ్దాల పాటు వచ్చిన ఎఫ్/4 ఎల్మార్ ఉంది. పాత ఎల్మార్‌లో కాంట్రాస్ట్ తక్కువ. నడివయసు దాటిన ముఖాల మీద ఆ మెత్తదనం ఎంతో అందంగా ఉంటుంది. చర్మం మీద ప్రతి రంధ్రాన్నీ లెక్కపెట్టి చూపించే నేటి లెన్సులు ఆ పని చేయలేవు.

మెత్తదనం కోసమే చేసిన లెన్స్ కూడా ఉంది. 1935 నాటి థాంబార్, 90 మి.మీ. ఎఫ్/2.2. దాంతోపాటు మధ్యలో చిన్న నల్లటి చుక్క ఉన్న ఫిల్టర్ ఇచ్చేవారు. ఆ చుక్క మధ్య కిరణాలను ఆపేసి అంచు కిరణాలతో బొమ్మను మంచుతెరలో చుట్టినట్టు చేస్తుంది. లైకా దాన్ని 2017లో మళ్లీ తయారుచేసింది. చూడముచ్చటైనదే గానీ, ఒకే ఒక్క పోర్ట్రెయిట్ లెన్స్ కొనగలిగినవాళ్లకు కాదు.

పాతవి కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. సోవియట్ జుపిటర్-9, 85 మి.మీ. ఎఫ్/2, చవకగా దొరుకుతుంది. జైస్ సోనార్ వారసత్వం కాబట్టి బొమ్మ ముచ్చటగా వస్తుంది. అయితే సోవియట్ కెమెరాల ఫోకస్ కొలత లైకా కొలతతో సరిగ్గా సరిపోదు. లైకా మీద పెట్టి పూర్తిగా తెరిస్తే దగ్గరి దూరాల్లో ఫోకస్ పక్కకు పోయే అవకాశం ఎక్కువ. ఇక లైకా 90 మి.మీ. టెలి-ఎల్మారిట్ చిన్న రకం జేబులో పట్టేంత తేలిక, కానీ వెనక గ్లాసు మసకబారడం దాని పేరుమోసిన జబ్బు. లెన్స్‌ను పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చ్ వేసి చూడాలి. పొగలా కనిపిస్తే వద్దు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో ఏళ్లపాటు తోలుపెట్టెలో మూసి ఉంచిన లెన్స్ అయితే ఫంగస్ కోసం కూడా వెతకాలి. అది సాలెగూడు దారాల్లా గ్లాసు అంచుల నుంచి పాకుతుంది. కొన్నాక సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టుకోవాలి. తోలుపెట్టె తేమను పట్టి ఉంచుతుంది.

డబ్బు చెల్లించే ముందు మీ కెమెరా మీదే లెన్స్‌ను పరీక్షించండి. దినపత్రికను బల్ల మీద ఏటవాలుగా నిలబెట్టి, ట్రైపాడ్ మీద నుంచి మీటరు దూరంలో ఒక హెడ్డింగ్ మీద ఫోకస్ చేసి, అపర్చర్ పూర్తిగా తెరిచి తీయండి. తర్వాత మూడు మీటర్ల దగ్గరా, వీధి చివరి కరెంటు స్తంభం మీదా అదే చేయండి. ఒక్క లెన్స్‌తోనే ఫోకస్ తప్పితే లోపం లెన్స్‌లో ఉంది. మీ దగ్గరున్న అన్ని లెన్సులతోనూ తప్పితే కొత్త లెన్స్ కొనకండి, ముందు కెమెరా రేంజ్‌ఫైండర్‌ను సరిచేయించుకోండి.