మండెలో మాగిన గంజాయి: బలమెంత, బూజెంత

కోసిన ఆకును వెంటనే గలగలలాడేలా ఎండబెట్టకుండా, కొంత చెమ్మ మిగిలి ఉండగానే కుప్పగా పేర్చి, గాలి చొరకుండా కప్పి, లోపల దానంతటదే పుట్టే వేడికి రంగు, వాసన, ఘాటు మారేదాకా ఉంచడాన్ని మాగబెట్టడం అంటారు. తెలుగునాట చుట్టలకూ నమలడానికీ వాడే నాటు పొగాకును రైతులు మండెలు కట్టి, పై కట్టలను కిందికీ కింది కట్టలను పైకీ తిరగవేస్తూ సిద్ధం చేసేది ఈ పద్ధతిలోనే. బ్యారన్లలో వేడిగాలికి ఆరే వర్జీనియా పొగాకుది వేరే దారి. కోత తరువాత కూడా ఆకులోని కణాలు కొంతకాలం శ్వాసిస్తూనే ఉంటాయి కనుక కుప్ప వేడెక్కుతుంది, ఆ వేడిలో ఎంజైములు, అంటే కణాల్లోని రసాయన మార్పులను వేగిరపరిచే మాంసకృత్తులు, పత్రహరితాన్నీ పిండిపదార్థాన్నీ విడగొడతాయి, ఆ మీదట ఆకును అంటిపెట్టుకున్న సూక్ష్మజీవులు పని అందుకుంటాయి. గంజాయినీ ఇలాగే మాగబెట్టే ఆచారం ఆసియాలోనూ ఆఫ్రికాలోనూ ఉంది. మాగితే మత్తు బలం పెరుగుతుందన్న నమ్మకం ఆ ఆచారంతో పాటే వ్యాపించింది గాని, రసాయన శాస్త్రం ఆ నమ్మకాన్ని పూర్తిగా సమర్థించదు; పైగా మాగడానికి అనువైన చెమ్మా వేడీ బూజుకు కూడా అంతే అనువైనవి.

ఈ పద్ధతిని అత్యంత వివరంగా నమోదు చేసినవి బ్రిటిషు పాలనలోని బెంగాలు నుంచి వెలువడిన నివేదికలు. నేటి బంగ్లాదేశ్‌లో ఉన్న నౌగావ్ చుట్టుపక్కల గ్రామాలను అప్పట్లో గంజా మహల్ అనేవారు. ప్రభుత్వ లైసెన్సుతో అక్కడ జరిగే సాగును 1877లో హేమచంద్ర కర్, 1893లో వృక్షశాస్త్రవేత్త డేవిడ్ ప్రెయిన్ పరిశీలించి రాశారు. పొద్దార్ అనే నిపుణుడు పొలంలోకి దిగి మగ మొక్కలను గుర్తుపట్టి పీకించేవాడు. పుప్పొడి సోకని ఆడ పూలగుత్తులు గింజ పట్టకుండా జిగురు ఎక్కువగా ఊరుస్తాయన్నది ఆ కష్టం వెనుక ఉన్న లెక్క. కోసిన కొమ్మలను కళ్ళంలో పరచి, ఎండకు వాడనిచ్చి, పూలగుత్తులు లోపలి వైపుకు వచ్చేలా గుండ్రంగా పేర్చిన తరువాత, కూలీలు వాటి మీదికెక్కి, ఒకరి భుజాన్ని ఒకరు ఆసరా చేసుకుంటూ పాదాలతో అణగదొక్కేవారు. ఆ ఒత్తిడికి జిగురు సాగి గుత్తులు ఒకదానికొకటి అతుక్కొని బల్లపరుపు ముద్దలయ్యేవి, వాటిని కుప్పవేసి చాపలు కప్పి ఉంచేవారు, మళ్ళీ విప్పి తిరగవేసి తొక్కేవారు. ఇలా తయారైనది చప్టా గంజాయి. అడ్డంగా కట్టిన వెదురు గడను చేతులతో పట్టుకొని, కాళ్ళ కింద గుత్తులను దొర్లించి కోలగా చుట్టినది గోల్ గంజాయి, రాలిన పొడి చూర్. పచ్చిగా కళ్ళానికి చేరిన సరుకు గోధుమ రంగుకు తిరిగి ఘాటైన వాసనతో బయటపడే ఈ క్రమంలో వేడి, చెమ్మ, ఒత్తిడి మూడూ కలిసి పనిచేశాయి.

1893లో ఏర్పడిన భారతీయ గంజాయి మత్తుపదార్థాల కమిషన్ ఈ వివరాలన్నిటినీ సంపుటాలకెక్కించింది. మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షతన, ముగ్గురు భారతీయులతో సహా ఏడుగురు సభ్యులు 1,193 మంది సాక్ష్యాలు సేకరించి, మితమైన వాడకం వల్ల పెద్దగా హాని కనిపించలేదనీ అతివాడకం దేహానికీ మనసుకూ చేటు చేస్తుందనీ 1894లో తేల్చారు. ఆ నివేదికలో తెలుగు నేల ప్రస్తావన కూడా ఉంది. మద్రాసు రాజధానిలో గంజాయి సాగు జరిగిన చోట్లలో ఒకటి నాటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలోని దగ్గుబాడు ప్రాంతం. మితంగా వాడితే ఫరవాలేదన్న ఆ నాటి తీర్పును ఈ రోజుల్లో ఉదహరించేవారు, కమిషన్ చేతిలో సాక్షుల మాటలు తప్ప ఊపిరితిత్తుల పరీక్షలు గాని, బూజు విషాలను కొలిచే సాధనాలు గాని లేవన్న సంగతిని కూడా చెప్పడం న్యాయం.

ఆఫ్రికాలో గంజాయిని మాగబెట్టే విద్యకు పేరుపడ్డ దేశం మలావీ. అక్కడ చంబా అని పిలిచే గంజాయి పూలగుత్తులను గట్టిగా నొక్కి, మొక్కజొన్న పొత్తు రేకుల్లోనో అరటి ఆకుల్లోనో చుట్టి, నారతో బిగించి కట్టి, లోపలి చెమ్మతోనే మాగనిస్తారు. విప్పినప్పుడు కనిపించేది పొత్తు ఆకారంలో గట్టిపడిన ముదురు గోధుమ రంగు ముద్ద. వైద్య, పారిశ్రామిక అవసరాల కోసం గంజాయి సాగును ఆ దేశం 2020లో చట్టబద్ధం చేసింది గాని, మత్తు కోసం వాడే చంబాకు ఆ వెసులుబాటు లేదు.

బలం సంగతి తేలాలంటే మొక్కలో అసలు ఏముందో చూడాలి. పచ్చి గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ నేరుగా ఉండేది చాలా తక్కువ. దాని ఆమ్లరూపమే ఎక్కువగా ఉంటుంది, ఆ రూపానికి మత్తు లేదు. వేడి తగిలినప్పుడు ఆ ఆమ్లం నుంచి కార్బన్ డయాక్సైడు విడిపోయి టీహెచ్‌సీ మిగులుతుంది. వంద డిగ్రీలు దాటిన వేడిలో నిమిషాల మీద జరిగే ఈ మార్పు, గోరువెచ్చని కుప్పలో వారాలు గడిచినా కొద్దిగానే జరుగుతుంది. చిలుంలో నిప్పు అంటుకున్న క్షణాన మిగిలినదంతా ఎలాగూ మారిపోతుంది కనుక, పొగ పీల్చేవారికి మాగుడు వల్ల అదనంగా చేరే మత్తు ఏమీ లేదు. నమిలి మింగేవారి విషయంలో మాత్రం ముందే మారిన ఆ కొద్ది భాగం లెక్కకు వస్తుంది. అలా మింగిన మత్తు తలకెక్కడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది కనుక, ఏమీ కాలేదనుకొని మరికొంత తినడం, ఆ తరువాత గుండెదడతో, తీవ్రమైన భయంతో ఆసుపత్రికి చేరడం జరుగుతుంటాయి.

మాగే కుప్పలో నిజంగా తగ్గేది కూడా టీహెచ్‌సీయే. గాలి, వెలుతురు, వేడి సోకిన కొద్దీ అది ఆక్సీకరణ చెంది కాన్నబినాల్ అనే మరో పదార్థంగా మారుతుంది. దాని మత్తు టీహెచ్‌సీలో పదో వంతు ఉంటుందని అంచనా. మామూలు గది వాతావరణంలో నిల్వ ఉంచిన గంజాయిలో మొదటి ఏడాదికే సుమారు 17 శాతం, నాలుగేళ్ళకు 40 శాతం పైగా టీహెచ్‌సీ నశించినట్లు ప్రయోగశాల కొలతలు చూపాయి. నిల్వ సరుకు ఏటికేడాది సత్తువ కోల్పోతుందని ప్రెయిన్ ఆనాడే గుర్తించాడు. ఇక్కడ చరిత్రలోని ఒక పొరపాటు గుర్తు చేసుకోదగినది: 1896లో కేంబ్రిడ్జిలో వుడ్, స్పివీ, ఈస్టర్‌ఫీల్డ్ అనే రసాయన శాస్త్రజ్ఞులు భారతదేశపు చరస్ (గంజాయి జిగురు) నుంచి తీసిన నూనెలో మత్తు మూలాన్ని వెతికి కాన్నబినాల్‌ను పట్టుకున్నారు, అది మొక్క సహజంగా తయారుచేసుకున్నది కాదు, నిల్వలో టీహెచ్‌సీ పాతబడగా మిగిలినది. అసలు మూలమైన టీహెచ్‌సీని ఇజ్రాయెల్‌లో గవోని, మెషూలమ్ శుద్ధరూపంలో వేరుచేసేసరికి 1964 వచ్చింది.

అయితే మాగిన సరుకు వేరుగా అనిపిస్తుందని వాడేవారు చెప్పే మాట ఉత్త కల్పన కాదు. పత్రహరితం విరిగి పచ్చివాసన పోతుంది, తేలిగ్గా ఆవిరయ్యే సుగంధ తైలాల్లో కొన్ని పోయి కొన్ని మిగులుతాయి, గొంతును కోసే ఘాటు తగ్గుతుంది. ఆ నున్నదనంలోనే ఒక కీడు ఉంది. ఘాటు తగ్గిన పొగను మనిషి మరింత లోతుకు పీల్చి మరింతసేపు బిగబడతాడు; కాలుతున్న ఆకు నుంచి వచ్చే తారు, కార్బన్ మోనాక్సైడు మాత్రం మాగినా మాగకున్నా వస్తూనే ఉంటాయి.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం కంటికి కనిపించనిది. ఆహార నిల్వలో నిపుణులు వాడే కొలమానం ఒకటుంది: పదార్థంలోని నీటిలో సూక్ష్మజీవులకు అందుబాటులో ఉండే పాలును సున్నా నుంచి ఒకటి వరకు లెక్కగట్టి నీటి చర్య అంటారు. అది 0.65కు లోపు ఉంటే బూజు దాదాపు పెరగలేదు. ఎండిన గంజాయికి నేడు పాటించే ప్రమాణం కూడా 0.55 నుంచి 0.65 వరకే. మాగే కుప్ప ఆ హద్దుకు చాలా పైన ఉంటుంది, లేకపోతే అది మాగదు. ముక్కిన వాసన, బూడిద రంగు నూగు కనిపిస్తే సరుకు చెడిందని ఎవరైనా గుర్తిస్తారు గాని, గోధుమ రంగుకు తిరిగిన బిగుతు ముద్ద లోపల ఆస్పర్జిల్లస్ జాతి బూజు బీజాలు ఉంటే కన్నూ ముక్కూ వాటిని పట్టలేవు. ఆ జాతిలోని కొన్ని బూజులు, తడి తగిలిన వేరుశనగ ద్వారా రాయలసీమ రైతులకు ఎరుకైన అఫ్లాటాక్సిన్ అనే కాలేయ విషాన్ని విడుస్తాయి. వంట వేడికి అది పూర్తిగా నశించదు. బీజాలు పొగతో పాటు ఊపిరితిత్తుల్లోకి చేరగలవని కూడా పరిశోధనల్లో తేలింది. ఆరోగ్యవంతుడి రోగనిరోధక కణాలు వాటిని చాలావరకు అణచివేస్తాయి; కీమోథెరపీ పొందుతున్నవారికి, అవయవ మార్పిడి జరిగినవారికి, హెచ్‌ఐవీ ముదిరినవారికి ఆ రక్షణ ఉండదు. ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్న ఒక రోగి బూజు పట్టిన గంజాయి పొగ వల్ల ఊపిరితిత్తుల ఆస్పర్జిల్లోసిస్‌తో మరణించిన ఉదంతాన్ని 1988లో అమెరికా వైద్యులు ప్రచురించారు. నొప్పికీ వాంతులకూ ఉపశమనం కోరి గంజాయి వైపు చూసేవారిలో ఇలాంటి రోగులు కూడా ఉండటం ఈ విషయంలో అన్నిటికంటే బాధ కలిగించే సంగతి.

బూజుతో పాటు బ్యాక్టీరియా కూడా ఈ దారిన ప్రయాణించగలదు. 1981లో అమెరికాలోని ఒహాయో, మిషిగన్ రాష్ట్రాల్లో అరుదైన సాల్మొనెల్లా రకం వల్ల వచ్చిన విరేచనాల జాడ తీస్తూ పోయిన ఆరోగ్యశాఖ పరిశోధకులు, మామూలుగా అనుమానించే మాంసాన్నీ పాలనూ దాటి, చివరకు రోగుల ఇళ్ళలోని గంజాయిలో ఆ బ్యాక్టీరియాను పట్టుకున్నారు. మొత్తం 85 కేసులు ఆ సరుకుతో ముడిపడ్డాయి. చుట్టేటప్పుడు చేతికంటినది నోటికి చేరడానికి ఎంతోసేపు పట్టదు.

భారతదేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం పూత లేదా కాయ పట్టిన కొమ్మల చివళ్ళను గంజాయిగా నిర్వచించి నిషేధించింది. పట్టుబడినది 20 కిలోలకు మించితే శిక్ష పదేళ్ళకు తగ్గదు. మాగబెట్టినా, పచ్చిగా ఉన్నా చట్టానికి తేడా లేదు. ఆంధ్ర ఒడిశా సరిహద్దు కొండల్లో శీలావతి పేరుతో సాగైన రకాన్ని 2021లో ఆపరేషన్ పరివర్తన కింద పోలీసులు వేల ఎకరాల్లో నరికివేయించారు. అలాంటి దొంగచాటు వ్యాపారంలో సరుకు ఎంత చెమ్మతో మూట కట్టారో, ఎన్నాళ్ళు ఏ చీకటి గదిలో మగ్గిందో కొలిచే వారు ఉండరు. ముక్కిపోయినదాన్ని మాగినదని అమ్మితే కొనేవాడికి తేడా తెలుసుకునే దారీ ఉండదు. ఇందుకు భిన్నంగా, వైద్యుడి చీటీ మీద గంజాయిని ఔషధంగా అమ్మే నెదర్లాండ్స్‌లో, అదుపులో ఉన్న గదుల్లో పెంచి, కొలత ప్రకారం ఆరబెట్టిన పూలను సైతం బీజాలు చచ్చేలా గామా కిరణాలకు గురిచేసిన తరువాతే మందుల దుకాణాలకు పంపే పద్ధతి ఉంది.