మిఠాయి మీది రేకు వెండిదేనా?

చార్మినార్ పక్క గల్లీల్లో నడుస్తున్నప్పుడు ‘ఠక్, ఠక్’ మని సుత్తి చప్పుడు ఎప్పుడైనా మీ చెవిని పడిందా? అది చాందీ వరక్, అంటే వెండి రేకు, తయారుచేసే చోటు కావచ్చు. చిన్న చిన్న వెండి ముక్కలను పుస్తకంలాంటి పొరల మధ్య పెట్టి, సుత్తితో గంటల తరబడి సాగగొడతారు. ఆ రేకే మిఠాయి మీదికీ, పాన్ మీదికీ ఎక్కి మన నోట్లోకి చేరుతుంది.

ఆహార నిబంధనల ప్రకారం ఈ వెండి వెయ్యికి 999 పాళ్ళు శుద్ధమైనదిగా ఉండాలి. చదరపు మీటరు రేకు బరువు 2.8 గ్రాములు మించరాదు. వెండి సాంద్రత ఘన సెంటీమీటరుకు 10.5 గ్రాములు. లెక్క కట్టి చూడండి: రేకు మందం మిల్లీమీటరులో మూడు వేలవ వంతు కూడా ఉండదు! ఇంత పలచని రేకును కంటితో చూసి ఏ లోహమో చెప్పగలమా? చవకైన అల్యూమినియం కూడా అలాగే మెరుస్తుంది కదా! అందుకే కల్తీకి అవకాశం. మరి తేల్చడం ఎలా?

లోహాన్ని ఆమ్లంలో కరిగిస్తే అది అయాన్లుగా మారుతుంది. ఆ అయాన్లు కొన్ని పదార్థాలతో కలిసి, నీటిలో కరగని అవక్షేపాన్ని ఇస్తాయి. అవక్షేపం రంగేమిటి, అది దేనిలో కరుగుతుంది అన్నవే మనకు ఆనవాళ్ళు.

మొదట రేకు ముక్కను సజల హైడ్రోక్లోరికామ్లంలో వేయాలి. బుడగలు వస్తూ కరిగిపోతే అది వెండి కాదు. ఆ ద్రావణానికి సోడియం హైడ్రాక్సైడును చుక్కచుక్కగా కలపండి. అల్యూమినియం అయితే జిగటగా తెల్లని అవక్షేపం వచ్చి, ఇంకా కలిపితే మాయమవుతుంది.

రేకు కరగలేదనుకోండి. దాన్ని కడిగి, వేడి సజల నత్రికామ్లంలో కరిగించి, ఉప్పు ద్రావణం పోయాలి. పెరుగు తరకల్లాంటి తెల్లని అవక్షేపం కనిపిస్తుంది. అది సిల్వర్ క్లోరైడ్. ఎండలో ఉంచితే మెల్లగా ఊదారంగుకు తిరుగుతుంది. ఫోటో ఫిల్ములో పనిచేసేది ఈ గుణమే.

అయితే తొందరపడకండి! సీసం కూడా ఉప్పుతో తెల్లని అవక్షేపమే ఇస్తుంది. అందుకే రెండో సాక్ష్యం కావాలి. సీసపు అవక్షేపం మరిగే నీటిలో కరుగుతుంది, వెండిది కరగదు. వెండిది అమోనియా ద్రావణంలో కరుగుతుంది, సీసానిది కరగదు. ఆమ్లం లేని ద్రావణాలకు పొటాషియం క్రోమేట్ కలిపితే తేడా రంగులోనే తెలుస్తుంది: వెండికి ఇటుక ఎరుపు, సీసానికి పసుపు.

ఇంకొక చిక్కు. రేకును కరిగించిన ద్రావణంలో కుళాయి నీళ్ళు పోశారో, అందులోని క్లోరైడుతోనే ద్రావణం తెల్లబారుతుంది. కనుక స్వేదనజలమే వాడాలి. రేకు వేయని మరో పరీక్షనాళికలో కూడా ఇవన్నీ చేసి పోల్చుకోవాలి.

ఈ ప్రయోగం ఇంట్లో వద్దు. నత్రికామ్లం చర్మాన్ని కాల్చుతుంది, దాని గోధుమరంగు పొగ విషం. క్రోమేట్ కూడా విషమే. వెండి, అమోనియా కలిసిన ద్రావణాన్ని నిలవ ఉంచితే పేలుడు పదార్థం ఏర్పడవచ్చు. వెంటనే నత్రికామ్లం కలపాలి. అప్పుడు తెల్లని అవక్షేపం మళ్ళీ ప్రత్యక్షమవుతుంది! ఇదంతా ప్రయోగశాలలో మీ మాస్టారి చేతుల మీదుగానే జరగాలి.

ఈ పరీక్ష తినేవారికే కాదు, నిజాయితీగా సుత్తి పట్టే పనివానికీ మేలు చేస్తుంది. అతని రేకు వెండిదేనని సాక్ష్యం చెబుతుంది. ఇప్పుడు మీరు చెప్పండి: తెల్లని అవక్షేపం ఒక్కటే చూసి ‘ఇది వెండి’ అని తీర్పు చెప్పవచ్చునా?