దక్షిణాఫ్రికా సత్యవిచారణము - నేటాలు ఆంధ్రులు

దక్షిణాఫ్రికా ప్రజలు 1996లో రచించుకొనిన రాజ్యాంగమునందు ఆరవ ప్రకరణము భాషలను గూర్చినది. అధికారభాషలను పేర్కొనిన పిదప, ఆ దేశమున ఆయా సమాజములవారు వాడుకొను ఇతర భాషలను పెంపొందించి గౌరవింపవలెనని అది విధించుచున్నది. ఆ పట్టికలో గుజరాతీ, హిందీ, తమిళము, ఉర్దూలతోపాటు తెలుగు కూడ కలదు. ఆంగ్లలిపిలో ఆ పేరు 'తెలెగు' అని అచ్చుపడినది. భాషోపాధ్యాయులు చూచి నవ్వుకొనవచ్చును. అయినను సముద్రమునకు ఆవల ఒక దేశపు మూలశాసనమున మన భాషకు చోటు దొరకుట ఎట్లు సంభవించినదో విచారింపదగియున్నది. ఆ రాజ్యాంగపు పీఠిక గతకాలపు అన్యాయములను ఒప్పుకొనుటతో ఆరంభమగును. ఆ ఒప్పుకోలులో ఆంధ్రులకు జరిగినదియు కలదు. వారికంటె క్రిందిమెట్టున నిలువబెట్టబడినవారికి జరిగినదియు కలదు. ఈ రెండింటిని విడదీసి చెప్పుట సాధ్యము కాదు.

నేటాలు అను తూర్పుతీర ప్రాంతము నాడు ఆంగ్లేయుల వలసరాజ్యము. అచటి చెరకుతోటల పనికై మదరాసునుండి కూలీలను ఎక్కించుకొని బయలుదేరిన 'ట్రూరో' అను ఓడ 1860 నవంబరు 16వ తేదీన డర్బను రేవు చేరెను. నాటినుండి 1911 వరకు ఆ విధముగా చేరిన ఒప్పందపు కూలీలు 1,52,184 మంది. వీరిలో సుమారు మూడింట రెండువంతులు మదరాసు రేవున ఓడ యెక్కినవారు. తమిళులు హెచ్చు, గంజాము, విశాఖపట్టణము, గోదావరి, ఉత్తరార్కాడు మండలముల తెలుగువారు వారితో కలిసి యుండిరి. ఓడపట్టికలో ఒక్కొక్కరికి ఒక సంఖ్య. దాని ప్రక్కన పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, ఊరు. డర్బనులో నేటికిని ఇంటిపేరుగా నిలిచియున్న 'అప్పల్సామి' అను మాట ఏ సీమ నోట పుట్టినదో విశాఖ మండలము నెరిగినవారికి చెప్పనక్కరలేదు.

ఒప్పందపు గడువు తీరినవారికి తిరుగుప్రయాణపు ఖర్చునకు బదులు ప్రభుత్వభూమి పొందు వీలు మొదట నుండెను. 1891లో అది తీసివేయబడెను. 1895 నాటి చట్టము గడువు తీరిన పిదపను స్వేచ్ఛగా నిలిచినవారిపై సాలుకు మూడు పౌనుల పన్ను విధించెను. 1913 నాటి సమ్మెయు, మరుసటి యేడు ఆ పన్ను రద్దగుటయు గాంధీ మహాత్ముని చరిత్రవలన పాఠకులకు తెలిసినవే కావున విస్తరింప పనిలేదు.

1948లో నేషనల్ పార్టీవారు అధికారమునకు వచ్చిన పిదప వర్ణవివక్ష సర్వాంగసంపూర్ణమైన శాసనవ్యవస్థ యయ్యెను. 1950 నాటి ఒక చట్టము ప్రతివ్యక్తికిని జాతిముద్ర వేసెను. అదే యేటి మరియొక చట్టము ఏ జాతివారు ఏ పేటలో కాపురముండవలెనో నిర్ణయించెను. డర్బను పురపాలకసంఘపు కూలీలు, అనగా ముఖ్యముగా తమిళులును ఆంధ్రులును, దశాబ్దములుగా కాపురమున్న మాగజీను బరాకులు 1960-70 నడుమ ఖాళీ చేయింపబడెను. ఆ కుటుంబములు నగరమునకు దూరముగా భారతీయులకై కట్టిన చాట్స్‌వర్తునకు తరలింపబడెను. ఈ తరలింపులో ఎవరును చట్టమును అతిక్రమింపలేదు. నోటీసు వచ్చినది, బండి వచ్చినది, కొత్తయింటి సంఖ్య ఇయ్యబడినది. ఈ సంగతి ముందు చెప్పబోవు విషయమునకు మూలము కావున గుర్తుంచుకొనవలెను.

భారతీయులు ఆ వ్యవస్థలో బాధితులే యైనను నిచ్చెనలో అట్టడుగున లేరు. ఆఫ్రికనుల మెడకు కట్టిన పాసుపుస్తకము వారికి లేదు. పాఠశాలలపై ప్రభుత్వము చేయు వ్యయమున వారి భాగము శ్వేతజాతీయుల దానికంటె తక్కువ, ఆఫ్రికనుల దానికంటె ఎక్కువ. 1984లో పార్లమెంటును మూడు సభలుగా చేసి ఒకటి భారతీయులకు ఇచ్చిరి. జనసంఖ్యలో అధికులైన ఆఫ్రికనులకు ఒక్కటియు లేదు. భారతీయులలో పెక్కుమంది ఆ యెన్నికలకు పోకుండుట వారి గౌరవమునకు తగియున్నది. అయినను నిచ్చెనమెట్టు ఎక్కుట ఇష్టము లేకున్నను దానిపై నిలిచినవారికి క్రిందివాని తల అందుచునే యుండును. 1949 జనవరిలో డర్బనులో చెలరేగిన అల్లరులలో 142 మంది మరణించిరి. వారిలో 87 మంది ఆఫ్రికనులు, 50 మంది భారతీయులు. భారతీయుల దుకాణములు, ఇండ్లు దగ్ధమయ్యెను. ఆఫ్రికనులలో పెక్కుమంది పోలీసుల, సైనికుల తుపాకులకు బలియైరి.

1994లో సర్వజన ఎన్నికలు జరిగి నెల్సను మండేలా అధ్యక్షుడయ్యెను. గడచినదానిని ఏమి చేయవలెను? పాతప్రభువులు సాధారణ క్షమాభిక్ష కోరిరి. బాధితులు శిక్ష కోరిరి. 1995 నాటి చట్టముచే ఏర్పడిన సత్య సయోధ్య సంఘము ఈ రెంటి నడుమ త్రోవ. దాని అధ్యక్షుడు ఆర్చిబిషపు డెస్మండ్ టూటూ. 1960 మార్చి 1 మొదలుకొని జరిగిన హత్య, అపహరణ, చిత్రహింస, తీవ్రమైన దుర్వ్యవహారము - ఈ నాలుగు దాని విచారణకు లోబడినవి. 1996 ఏప్రిలు 15న ఈస్టు లండను పట్టణమున బహిరంగసభలు మొదలయ్యెను. బాధితుల వాఙ్మూలములు 21,000 దాటెను. అపరాధము రాజకీయోద్దేశ్యముతో చేసినదై, చేసినవాడు దాచక సర్వము చెప్పినచో క్షమాభిక్ష లభించును. 7,112 మంది దరఖాస్తు చేసికొనగా 849 మందికే అది దక్కెను. శ్వేతప్రభుత్వపు పోలీసులే గాక దానితో పోరాడిన ఉద్యమకారులును చేసిన అకృత్యములను చెప్పవలసివచ్చెను. 1998 అక్టోబరులో నివేదిక మండేలాకు సమర్పింపబడెను.

సభలకు వచ్చినవారిలో హవా టిమోల్ అను భారతీయ మాత యొకతె. ఉపాధ్యాయుడైన ఆమె కుమారుడు అహమ్మద్ టిమోల్ 1971లో జోహానెస్‌బర్గు పోలీసు భవనపు పదియవ అంతస్తునుండి పడి మరణించెను. ఆత్మహత్య యని మరుసటి యేటి విచారణ తేల్చెను. తల్లి సంఘము ముందు చెప్పుకొనెను. ఆమె జీవితకాలమున తీర్పు మారలేదు. 2017లో న్యాయస్థానము మరల విచారించి అది హత్యయని నిర్ణయించెను. హత్యానేరము మోపబడిన మాజీ పోలీసు 2021లో, విచారణ జరుగకయే, మరణించెను. క్షమాభిక్ష కోరనివారిని, దొరకనివారిని న్యాయస్థానమునకు ఈడ్వవలసియుండగా సంఘము అప్పగించిన సుమారు 300 వ్యవహారములలో మిక్కిలి కొన్నియే కదలినవి. ఈ జాప్యమునకు కారకులెవరో తేల్చుటకు 2025లో వేరొక విచారణసంఘమునే నియమింపవలసివచ్చెను. బాధితులకు సంఘము ఆరేండ్లపాటు వార్షికభృతి సిఫారసు చేయగా, 2003లో ప్రభుత్వము ఒకేమారు 30,000 రాండ్లు ఇచ్చి సరిపెట్టెను.

ఇక సంఘపు పరిధిని గూర్చి. పైని చెప్పిన నాలుగు నేరములును శరీరమునకు జరిగినవి. పాసుచట్టమువలన చెరసాల కేగినవాడు, బండి వచ్చి ఇల్లు ఖాళీ చేసినవాడు ఆ లెక్కలోనికి రారు. 1960 మొదలు 1983 వరకు ఇట్లు తరలింపబడినవారు 35 లక్షలని అంచనా కలదు. వర్ణవివక్ష నిత్యజీవితమున చట్టబద్ధముగా చేసిన హాని విడువబడెనని మహమూద్ మందానీ అను పండితుడు ఆక్షేపించెను. టూటూ మనస్సున లోపమున్నదని ఎవరును అనరు. లోపము చట్టము గీచిన గీతలోనిది. మాగజీను బరాకుల ఆంధ్రునికి ఆ సభాభవనమున చెప్పుకొనుటకు అంశమే లేదు. అతనికి జరిగినదెల్ల శాసనానుసారము జరిగినది గదా!

అట్టివారికి భూమిని గూర్చిన మరియొక ద్వారము తెరవబడినది. 1913 జూన్ 19 తరువాత జాతిచట్టములవలన నేల కోల్పోయినవారు తిరిగి కోరవచ్చునని 1994లో చట్టము వచ్చెను. 1998 డిసెంబరు 31 నాటికి సుమారు 80,000 దరఖాస్తులు వచ్చెను.

ఇందు చిక్కు ఎట్టిదో డర్బను ప్రక్కనున్న కేటో మేనరు చెప్పును. ఒప్పందము తీరిన భారతీయులు అచట నేల సంపాదించి కూరగాయలు పండించిరి. నగరమున చోటు లేని ఆఫ్రికనులు ఆ నేలలలో అద్దెకు గుడిసెలు వేసికొనిరి; 1949 నాటి మంటలు మిక్కుటముగా రగిలినదియు ఇచటనే. 1958లో అది శ్వేతజాతి ప్రాంతముగా ప్రకటింపబడెను. ఆఫ్రికనులు క్వామషు, ఉమ్లాజీలకు, భారతీయులు చాట్స్‌వర్తు మున్నగు చోట్లకు పంపబడిరి. తరువాత శ్వేతజాతీయులు పెద్దగా రాలేదు. కొన్ని దేవాలయములు, కొన్ని ఇండ్లు దప్ప ఆ కొండవాలు చాలభాగము దశాబ్దములు బీడుపడియుండెను.

స్వాతంత్ర్యము సమీపించుచుండగా గూడు లేని ఆఫ్రికనులు ఆ బీటిలో మరల గుడిసెలు వేసిరి. కొత్తప్రభుత్వము వారికి ఇండ్లు కట్టదలచెను. అదే సమయమున పాతభూస్వాముల సంతతివారు పత్రములతో వచ్చి తమ తండ్రుల నేల నడిగిరి. ఇరువురి కోరికయు న్యాయమే. వ్యవహారము భూన్యాయస్థానమునకు పోయెను. నేల తిరిగి ఇయ్యక ప్రజాప్రయోజనమునకు వినియోగింపవచ్చునని చట్టమున నియమముండుటచే ఇండ్ల నిర్మాణము సాగెను. కోరినవారిలో చాలమందికి నేలకు మారుగా ధనము ముట్టెను. ఆ ధనము తండ్రి నాటిన మామిడిచెట్టు వెలకు సరిపోవునా యని అడుగువారు కలరు. తండ్రి అద్దె వసూలు చేసిన గుడిసెవాని మనుమడు అదే నేలపై నేడు సొంతయింట నుండుటను వారు చూడవలసియున్నది.

2021 జూలైలో ఆ దేశమున దోపిడులు, అల్లరులు చెలరేగినపుడు డర్బనుకు ఉత్తరమున, గాంధీజీ 1904లో స్థాపించిన ఆశ్రమము ప్రక్కనే వివక్షప్రభుత్వము భారతీయులకై కట్టిన ఫీనిక్సు పేటలో, వీధులకు అడ్డుకట్టలు కట్టి కాపలా కాచిన సాయుధులచేతను తదితర హింసవలనను ముప్పదిమందికి పైగా మరణించిరి. వారిలో అధికులు ఆఫ్రికనులు. ఆ వ్యవహారములపై హత్యాభియోగములు న్యాయస్థానమునకు వచ్చినవి. మృతులు సమీపపు పేటలనుండి ఆ దారిన పనులకు, దుకాణములకు పోవువారు. ఆ పేటలను వేరుచేసిన గీత 1950 నాటి చట్టము గీచినది. 1991లో ఆ చట్టము రద్దయినది, రోడ్లును ఇండ్లును ఉన్నచోటనే యున్నవి.