షోర్వాలో మరికాసిని నీళ్లు

షోర్వా వండినప్పుడు నీళ్లు కాస్త ఎక్కువ పోసి, పొరుగువారిని గుర్తుంచుకోవాలని దైవప్రవక్త (సఅసం) హజ్రత్ అబూజర్ (రజి)కు ఉపదేశించారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసును నిదానంగా గమనించండి. మాంసం పెంచమనలేదు, నీళ్లు పెంచమన్నారు. మిగులు లేని పేదవాడు సైతం ఉన్నదాన్ని పలుచన చేసి పంచగలడు. రుచి కొంత తగ్గుతుంది, తగ్గనివ్వండి! ‘ఇంత కొంచెం ఎలా పంపేది?’ అన్న బిడియమే మన గిన్నెలను గడప దాటనివ్వడం లేదు. పొరుగింటికిచ్చేది గొర్రె గిట్టయినా సరే, దానిని అల్పంగా భావించవద్దని ప్రవక్త (సఅసం) ముస్లిం స్త్రీలకు బోధించారు. ఇక, పొరుగువారంటే ముస్లిములేనా? హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట ఒకనాడు గొర్రెను జిబహ్ చేశారు. ఆయన ఇంటికి రాగానే, ‘మన యూదు పొరుగువానికి పంపారా?’ అని అడిగారు. వెంటనే ఆ మాటే మళ్లీ అడిగారు.