గానోడెర్మా నుంచి కీడా జడీ దాకా: అపోహలు – వాస్తవాలు

కోనసీమ కొబ్బరి రైతు గానోడెర్మా పేరు వింటే ఉలిక్కిపడతాడు. చెట్టు మొదట్లో చేరి వేళ్లను కుళ్లబెట్టి, కాండం మీద ఎర్రటి బంక కార్పించి, చివరికి చెట్టునే చంపే శిలీంధ్రం అది. దాని దగ్గరి చుట్టమైన పుట్టగొడుగు పొడి మాత్రం అదే పేరుతో పట్నాల్లో క్యాప్సూల్‌గా, కాఫీ పొడిగా, టూత్‌పేస్టుగా అమ్ముడవుతోంది. అమ్మేది మందుల షాపు కూడా కాదు. తెలిసిన మాస్టారో, పక్కింటి ఆవిడో, వరసకు బాబాయి అయ్యే రిటైర్డు ఉద్యోగో వచ్చి డబ్బా చేతిలో పెడతారు. "మా బావగారికి షుగర్ పోయింది, మీరూ వాడి చూడండి" అంటారు. మొహమాటం కొద్దీ కాదనలేం. ఈమధ్య లయన్స్ మేన్, చాగా, కార్డిసెప్స్ అనే శిలీంధ్రాలు కూడా ఆన్‌లైన్‌లో వరస కట్టాయి.

శిలీంధ్రాల్లో మందు లేదని కాదు. పెనిసిలిన్ వచ్చింది బూజు నుంచే. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులకు దారి చూపిన పదార్థాన్ని 1970ల్లో జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో పట్టుకున్నది కూడా ఒక పెనిసిలియం బూజులోనే. అయితే ఆ బూజును ఎండబెట్టి, పొడి కొట్టి ఎవరూ రోగులకు పంచలేదు. పనిచేసే పదార్థాన్ని విడదీశారు, మోతాదు తేల్చారు, ఏ జబ్బుకు పనిచేస్తుందో మనుషుల్లో పరీక్షించారు. డబ్బాలో వచ్చే పుట్టగొడుగు పొడి ఈ మెట్లలో ఎంతవరకు ఎక్కిందన్నదే అసలు ప్రశ్న.

అపోహ 1: పుట్టగొడుగు క్యాన్సర్‌ను నయం చేస్తుంది. జపాన్‌లో డాక్టర్లే ఇస్తారు.

వాస్తవం: రెండో మాటలో కొంత నిజముంది. మొదటి మాట చెల్లుబాటవుతున్నది దాని చలవతోనే. టర్కీ టెయిల్ అనే పుట్టగొడుగు నుంచి తీసిన పీఎస్‌కే అనే పదార్థాన్ని జపాన్ 1977లో వైద్యానికి అనుమతించింది. షిటాకే నుంచి తీసిన లెంటినాన్‌ను 1985లో కడుపు క్యాన్సర్ రోగుల కోసం అనుమతించింది. రెండూ శుద్ధి చేసిన పదార్థాలు. లెంటినాన్‌ను ఇంజెక్షన్‌గా ఇచ్చేవారు. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఇవి కీమోథెరపీ వంటి చికిత్సకు తోడుగా ఇచ్చినవి, దానికి బదులుగా ఇచ్చినవి కావు. జపాన్ అనుమతి ఆ పదార్థాలకే గాని, వాటి పేరు చెప్పుకుని అమ్మే ప్రతి పొడికీ వర్తించదు.

గానోడెర్మా సంగతి, వైద్య పరీక్షల ఫలితాలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ సమీక్షకులు విడిగా పరిశీలించారు. 2012లో వచ్చి 2016లో సవరించిన ఆ సమీక్షకు లెక్కలోకి తీసుకోదగినవిగా దొరికినవి 5 పరీక్షలు, 373 మంది రోగులు. కీమో లేదా రేడియేషన్‌తో పాటు గానోడెర్మా వాడినవారిలో చికిత్సకు స్పందన కొంత మెరుగ్గా కనిపించింది. కాని ఆ పరీక్షల నాణ్యత అంతంతమాత్రమే. రోగులు ఎక్కువ కాలం బతికారనడానికి ఆధారం లేదు. కాబట్టి దీన్ని క్యాన్సర్‌కు ప్రధాన చికిత్సగా వాడేందుకు తగిన రుజువు లేదని తేల్చారు.

చికిత్స మాని ప్రత్యామ్నాయాలను నమ్ముకుంటే ఏమవుతుందో కూడా లెక్క ఉంది. ఇతర అవయవాలకు పాకని క్యాన్సర్ ఉండి, ఆపరేషన్, కీమో, రేడియేషన్, హార్మోన్ చికిత్సలేవీ తీసుకోకుండా ప్రత్యామ్నాయ వైద్యాన్నే ఎంచుకున్న 281 మందిని అమెరికాలో పరిశోధకులు పరిశీలించారు. మామూలు చికిత్స తీసుకున్నవారితో పోలిస్తే వాళ్లకు మరణ ప్రమాదం రెండున్నర రెట్లు ఉన్నట్టు 2018లో ప్రచురించారు. ఇది పుట్టగొడుగుల మీద చేసిన పరిశోధన కాదు. కాని చేజారిన చికిత్సా కాలం ఏ డబ్బా వల్ల పోయినా తిరిగి రాదు.

అపోహ 2: గానోడెర్మా మొదలుపెడితే షుగర్ మాత్రలు మానేయొచ్చు.

వాస్తవం: మన ఇళ్లలో ఎక్కువ నష్టం చేసే మాట బహుశా ఇదే. ఆస్ట్రేలియాలో 84 మంది టైప్–2 షుగర్ రోగులకు 16 వారాల పాటు కొందరికి గానోడెర్మా, కొందరికి గానోడెర్మాతో పాటు కార్డిసెప్స్, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. ఎవరు ఏది మింగుతున్నారో రోగులకూ తెలియదు, డాక్టర్లకూ తెలియదు. పరగడుపు షుగర్‌లో గాని, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీలో గాని తేడా రాలేదు. ఇదే అంశం మీద 2015లో వచ్చిన కాక్రేన్ సమీక్ష 5 పరీక్షల్లోని 398 మందిని లెక్కలోకి తీసుకుంది. షుగర్ రోగుల్లో గుండెజబ్బు ముప్పును తగ్గించడానికి గానోడెర్మా పనికొస్తుందనడానికి ఆధారాల్లేవని చెప్పింది.

మరి బావగారికి ఎలా తగ్గింది? డబ్బా కొన్న రోజు నుంచే ఆయన ఉదయం నడక మొదలుపెట్టారా, రాత్రి అన్నం మానేశారా, మెట్‌ఫార్మిన్ వేసుకుంటూనే ఉన్నారా? ఇవి అడగకుండా ఘనతంతా క్యాప్సూల్‌కే కట్టబెట్టడం న్యాయం కాదు.

అపోహ 3: ఇమ్యూనిటీ ఎంత పెరిగితే అంత మంచిది.

వాస్తవం: పుట్టగొడుగుల కణాల గోడల్లో బీటా గ్లూకాన్లు అనే పదార్థాలుంటాయి. అవి రోగనిరోధక కణాలను కదిలిస్తాయని ప్రయోగశాలలో తేలింది. అంతమాత్రాన మింగిన మనిషికి జలుబులు, జ్వరాలు రావని కాదు. పైగా రోగనిరోధక శక్తి అదుపు తప్పితే అదే జబ్బు. రుమటాయిడ్ ఆర్థరైటిస్, లూపస్ అలాంటివే. వీటితో బాధపడేవారు, కిడ్నీయో కాలేయమో మార్పిడి చేయించుకున్నవారు ఆ శక్తిని అణచి ఉంచడానికే మందులు వాడుతుంటారు. వాళ్లు 'ఇమ్యూనిటీ బూస్టర్' మింగడమంటే తమ మందుకు తామే అడ్డుపడటం.

అవయవ మార్పిడి చేయించుకున్నవారు వాడే సైక్లోస్పోరిన్ కూడా ఒక శిలీంధ్రం నుంచే వచ్చింది. కార్డిసెప్స్‌కు అది దూరపు బంధువు. ఆ మందు చేసే పని రోగనిరోధక శక్తిని తగ్గించడం. శిలీంధ్రమంటే ఇమ్యూనిటీని పెంచేదేనన్న లెక్క అక్కడే తప్పుతుంది.

అపోహ 4: లయన్స్ మేన్ వాడితే మతిమరుపు రాదు.

వాస్తవం: ఇక్కడ ఆశకు కొంత చోటుంది. జపాన్‌లో 50 నుంచి 80 ఏళ్ల మధ్య వయసుండి, జ్ఞాపకశక్తి స్వల్పంగా తగ్గిన 30 మంది మీద జరిగిన పరీక్ష 2009లో ప్రచురితమైంది. వారిలో కొందరికి లయన్స్ మేన్‌ను రోజుకు మూడు పూటలా, పూటకు 250 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగేసి చొప్పున 16 వారాలు ఇచ్చారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారి కంటే వీళ్లకు పరీక్షలో మార్కులు పెరిగాయి. ఆపేసిన నాలుగు వారాలకే మళ్లీ తగ్గాయి. ఇంత చిన్న పరీక్షను పట్టుకుని అల్జీమర్స్‌ను ఆపేస్తుందనో, పరీక్షలు రాసే పిల్లల బుర్రకు పదును పెడుతుందనో చెప్పడం కుదరదు. ఆ పిల్లలెవరూ అందులో లేరు.

ఇంట్లో పెద్దవాళ్లకు మరుపు మొదలైతే ముందు చూడాల్సినవి థైరాయిడ్, బీ12 లోపం, వినికిడి, వాడుతున్న నిద్రమాత్రలు. వీటిలో కొన్నింటికి చవకైన చికిత్స ఉంది.

అపోహ 5: కీడా జడీతో గుర్రమంత దమ్ము వస్తుంది.

వాస్తవం: హిమాలయాల్లో మూడు వేల మీటర్లకు పైన, మట్టిలో దాగిన గొంగళిపురుగును చంపి దాని తలలోంచి మొలిచే కార్డిసెప్స్ రకం శిలీంధ్రం ఇది. ఉత్తరాఖండ్‌లో కీడా జడీ అనీ, నేపాల్‌లో యార్సాగుంబా అనీ అంటారు. దీని పేరు ప్రపంచమంతా మోగింది 1993లో. చైనా కోచ్ మా జున్‌రెన్ శిష్యురాళ్లు ఆ ఏడాది పరుగు పందేల్లో రికార్డులు బద్దలు కొట్టారు. వాంగ్ జున్‌షియా 10,000 మీటర్లను 29 నిమిషాల 31.78 సెకన్లలో పరుగెత్తింది. ఆ రికార్డు 2016 దాకా నిలిచింది. గొంగళిపురుగు శిలీంధ్రం, తాబేటి రక్తమే రహస్యమని కోచ్ చెప్పాడు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌కు ముందు రక్తపరీక్షల్లో అనుమానాలు రావడంతో ఆయన శిష్యురాళ్లలో ఆరుగురిని జట్టు నుంచి తప్పించారు. నిషేధిత మందులు వాడించారని వాంగ్, ఆమె సహచరులు రాసినట్టు చెబుతున్న లేఖ 2016లో బయటికొచ్చింది. అమ్మకాల్లో మొదటి కథే ఇప్పటికీ తిరుగుతోంది, రెండోది ఎవరూ చెప్పరు.

ఇంకో సంగతి. అసలు కీడా జడీ కిలో లక్షల్లో పలుకుతుంది. విచ్చలవిడిగా తవ్వడంతో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని 2020లో ముప్పున్న జాతుల జాబితాలో చేర్చింది. మనకు కొన్ని వందలకో వేలకో దొరికే క్యాప్సూల్‌లో సాధారణంగా ఉండేది బియ్యం వంటి వాటి మీద పెంచే కార్డిసెప్స్ మిలిటారిస్. అది వేరే జాతి. పోనీ అసలుదే దొరికితే? 2016లో చైనా అధికారులు కీడా జడీ ఉత్పత్తులను పరీక్షిస్తే కిలోకు 4.4 నుంచి 9.9 మిల్లీగ్రాముల దాకా ఆర్సెనిక్ బయటపడింది. అక్కడ అనుమతించిన హద్దు 1 మిల్లీగ్రాము.

అపోహ 6: సహజమైనది కాబట్టి సైడ్ ఎఫెక్టులుండవు. ఒకవేళ దద్దురో విరేచనమో వస్తే ఒంట్లో విషం పోతున్నట్టే.

వాస్తవం: చాలామందికి ఏమీ కాదు, మహా అయితే నోరు పొడిబారడం, కడుపు ఉబ్బరం, దురద. కాని కొద్దిమందికి జరిగినవి చిన్నవి కావు. గానోడెర్మాను కషాయంగా కాక పొడిగా వాడాక కాలేయం దెబ్బతిన్న రోగి గురించి హాంకాంగ్ వైద్యులు 2004లో రాశారు. థాయ్‌లాండ్‌లో ఆ పొడి వాడిన రోగి కాలేయం విఫలమై చనిపోయిన ఉదంతం 2007లో వైద్య పత్రికకెక్కింది. జపాన్‌లో కాలేయ క్యాన్సర్ ఉన్న 72 ఏళ్ల మహిళ రోజూ నాలుగైదు చెంచాల చాగా పొడి ఆరు నెలలు తీసుకుంది. చాగాలో ఆక్సలేట్లు ఎక్కువ. అవి కిడ్నీల్లో పేరుకుని ఆమె డయాలసిస్ దాకా వెళ్లింది. కిడ్నీ జబ్బు ఉన్నవారు, రాళ్లు వచ్చిన చరిత్ర ఉన్నవారు చాగా జోలికి పోకపోవడమే మేలు.

గానోడెర్మా రక్తం గడ్డకట్టే తీరును మార్చవచ్చన్న అనుమానం ఉంది. గుండెకు స్టెంటు వేయించుకుని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారు, వార్ఫరిన్ వాడేవారు డాక్టరుకు చెప్పకుండా దీన్ని ముట్టుకోకూడదు. పళ్లు పీకించుకోవడంతో సహా ఏ ఆపరేషన్‌కైనా ముందే ఈ సంగతి చెప్పాలి. వంటలో వాడే షిటాకేను పచ్చిగా, సగం ఉడికించి తింటే కొందరికి ఒంటి మీద కొరడాతో కొట్టినట్టు చారలు తేలతాయి. జపాన్ వైద్యులు దీన్ని 1977లోనే వివరించారు.

"విషం పోతోంది, మోతాదు పెంచండి" అనే సలహా అన్నిటికన్నా ప్రమాదం. దద్దుర్లు అలర్జీ గుర్తు. కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, ఆకలి చచ్చిపోవడం కాలేయం పెడుతున్న మొర. అప్పుడు చేయాల్సింది డబ్బా ఆపి రక్తపరీక్ష చేయించుకోవడం.

అపోహ 7: డబ్బా మీద రాసిందే లోపలుంటుంది. లైసెన్సు నంబరు ఉంటే ప్రభుత్వం ఒప్పుకున్న మందే.

వాస్తవం: అమెరికాలో కొన్న 19 రకాల గానోడెర్మా సప్లిమెంట్లను పరీక్షిస్తే, 5 మాత్రమే పేరుకు తగ్గట్టున్నాయని 2017లో ఒక పరిశోధన తేల్చింది. కొన్ని కంపెనీలు పుట్టగొడుగు బదులు ధాన్యం మీద పెంచిన శిలీంధ్రపు దారాలను ధాన్యంతో సహా పొడి కొడతాయి. 'పాలీశాకరైడ్లు 40 శాతం' అని గొప్పగా రాస్తారు. బియ్యపు పిండిలోని గంజి కూడా పాలీశాకరైడే. చూడాల్సింది బీటా గ్లూకాన్ల శాతం విడిగా రాశారా అన్నది.

మన దేశంలో ఇవి ఎక్కువగా అమ్ముడయ్యేది ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు మీద. అది ఆహారానికిచ్చే లైసెన్సు, జబ్బు తగ్గిస్తుందన్న ధ్రువపత్రం కాదు. 2016 నిబంధనల ప్రకారం హెల్త్ సప్లిమెంట్ల లేబుల్ మీద 'ఔషధ వినియోగానికి కాదు' అనే అర్థం వచ్చే మాట ఉండి తీరాలి. క్యాన్సర్‌ను, షుగర్‌ను నయం చేస్తామని ప్రకటించుకోవడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధిస్తోంది. అందుకే ఆ మాటలు డబ్బా మీద కనిపించవు, అమ్మేవాళ్లు పెట్టే మీటింగు హాల్లో వినిపిస్తాయి.

అపోహ 8: క్యాప్సూల్‌లోనే సారం. కూరలో తింటే ఏం లాభం?

వాస్తవం: ముత్యపు చిప్ప, పాల పుట్టగొడుగు, బటన్, ఏదైనా సరే, కొవ్వు తక్కువ, పీచు, కొంత మాంసకృత్తులు, పొటాషియం ఇచ్చే మంచి కూరే. ముక్కలు కోసి కాసేపు ఎండలో పెడితే వాటిలోని ఎర్గోస్టెరాల్ విటమిన్ డీ2గా మారుతుంది. బీటా గ్లూకాన్లు ఇందులోనూ ఉంటాయి. బాగా ఉడికించి తినాలి. వానాకాలంలో గట్ల మీద, పుట్టల మీద మొలిచినవాటిని మాత్రం గుర్తుపట్టడం తెలిసినవాళ్లు చెబితే తప్ప కోయొద్దు.

అయినా కొనాలనుకుంటే

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, అవయవ మార్పిడి జరిగినవారు, కాలేయ, కిడ్నీ రోగులు, కీమో తీసుకుంటున్నవారు సొంతంగా మొదలుపెట్టకూడదు. మిగతావాళ్లు లేబుల్ మీద శాస్త్రీయ నామం, పుట్టగొడుగా, ధాన్యం మీద పెంచిన దారాలా అన్న వివరం, భారలోహాల పరీక్ష ఫలితం ఉన్నాయో లేదో చూడాలి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు డబ్బాను సంచిలో వేసుకెళ్లాలి. "ఆయుర్వేదం లాంటిదేదో వాడుతున్నాను" అంటే ఆయనకు ఏమీ తెలియదు. కొన్ని నెలల పాటు వాడేవాళ్లు కాలేయం, కిడ్నీ పరీక్షలు చేయించుకోవాలి.

ఎవరు ఎంత ఆప్యాయంగా చెప్పినా, కొత్త డబ్బా ఇంటికి తెచ్చిన రోజున పాత మాత్ర మాత్రం మానకండి. మానాలో వద్దో చెప్పాల్సింది ఆ మాత్ర రాసిన డాక్టరే.