గురికొక గుండు, వేటకొక గుండు

ఆబిడ్సు నుండి ఫతేమైదానము వైపు నడచువారికి త్రోవలో గన్‌ఫౌండ్రీ తగులును. 1795లో నిజాం అలీఖాన్ కొలువునందలి ఫ్రెంచి సేనాని రేమండ్ ఇచ్చట ఫిరంగులను, వాని గుండ్లను పోయించినాడు. నగరవాసులు దానిని ‘తోప్ కా సాంచా’ అనిరి. ఆనాటి ఫిరంగి గుండు సాధారణముగా ఉత్త లోహపు బంతి. కోటగోడకైనను, ఏనుగుకైనను పెక్కుమార్లు అదియే.

ఆ చేరువనే ఒక తుపాకుల దుకాణము ముందు మొన్న నా శిష్యుడొకడు ఆగి, “పోటీలలో కాల్చు గుండు అన్నిటికంటె సూటిగా పోవునట గదా! వేటకును అదియే మేలు కాదా, మాస్టారూ?” అని అడిగినాడు. ప్రశ్న సహజమే, జవాబే తలక్రిందులు. (మనము తూటా అనునది మందుతో కూడిన మొత్తము, అందుండి ఎగిరిపోవునది మాత్రమే గుండు.)

పోటీగుండునకు కావలసినది ఒక్కటే: ప్రతి గుండును తోడి గుండు పోయిన చోటికే పోవలెను. అందుకే దాని రాగి తొడుగు పలుచగా, అంతటను సమానమైన మందముతో ఉండును. కొనయందు సన్నని బెజ్జమొకటి కానవచ్చును. అది దేహమున విచ్చుకొనుటకని భ్రమపడువారు పెక్కురు. తొడుగును అడుగు నుండి మొనవైపునకు లాగి మూయుటలో మిగిలిన సందు మాత్రమే అది. హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సున కంచుపతకము గెలిచిన 10 మీటర్ల పోటీలో నడిమి చుక్క వ్యాసము అర మిల్లీమీటరు. ఆ గాలితుపాకి గుండు మొన చదునుగా కోసినట్లుండును, కాగితమున అంచు చెదరని బెజ్జము పడుటకై.

మృగము కాగితము కాదు. తగిలిన పిదప ఏమగునన్నదే అచ్చటి ప్రశ్న. వేటగుండు మొనయందు మెత్తని సీసము బయటికే ఉండును. దేహమున జొరగానే పుట్టగొడుగు వలె విచ్చుకొని వెడల్పైన గాయము చేసి, ప్రాణమును త్వరగా తీయును. పోటీగుండు ఒకమారు సూదివలె దూసిపోవును, ఒకమారు చర్మము క్రిందనే తునకలగును. సియెర్రా మ్యాచ్‌కింగ్ గుండ్లను వేటకు వాడవలదని వానిని చేయువారే చెప్పుదురు. అట్లని విచ్చుకొనుట మితిమీరినను చేటే. 1946లో కెనడా అడవిలో మూస్ అను పెనుదుప్పిపై తన గుండ్లు లోతునకు పోకముందే చితికిపోగా, జాన్ నాస్లర్ అను అమెరికా వేటగాడు నడుమ అడ్డుగోడ గల గుండును కల్పించినాడు. మన ఇతిహాసకర్తలు నారాచమని, క్షురప్రమని, అర్ధచంద్రమని బాణములకు వేరువేరు పేర్లు పెట్టుట ఊరక కాదు.

విచిత్రమేమనగా, విచ్చుకొను గుండును 1899 హేగ్ ప్రకటన యుద్ధమున నిషేధించినది. కలకత్తా చెంతనున్న డమ్‌డమ్ ఆయుధశాల గుండ్లు ఆ వివాదమున మిక్కిలి పేరుమోసినవి. గాయపడిన సైనికునికి వైద్యుడున్నాడు. గాయపడిన మృగమునకు లేడు. 1907లో జిమ్ కార్బెట్ చంపిన చంపావత్ ఆడపులి కోరలు పూర్వమెవరో కాల్చిన దెబ్బకు విరిగినవే. ఆ గాయమే దానిని నరభక్షకిని చేసినదని ఆయన వ్రాసినాడు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 1991లో చేసిన సవరణతో వినోదపు వేట ముగిసినది. ప్రాణమునకో పైరునకో ముప్పైన మృగమును కాల్చుటకు 11వ సెక్షను క్రింద అనుమతి కావలెను. కనుక ఈ ప్రశ్న నేడు కొద్దిమందిదే. ఐనను దానిని నేను చిన్నదనుకొనలేను.

ఆ చట్టమునకు ముందు, పాలమూరు పల్లెలో మా మాతామహుల ఇంటికి పట్నము నుండి గురి తప్పని అతిథి వచ్చినాడట. వేరుసెనగ చేలోని అడవిపందిని ఆయన తన పోటీగుండుతోనే కొట్టినాడు. చెప్పిన చోటనే తగిలినది. పంది చేను దాటి పోయినది. నెత్తురు జాడయైన సరిగా లేదు. మూడవనాడు పశువుల కాపరి వచ్చి చెప్పగా తాతగారు పోయి చూచినారు. చెరువు కట్ట క్రింద బురదలో అది ఇంకను ఊపిరి తీయుచునే ఉన్నదట.