నాయిన పంచె ఎందుకు తడుస్తోంది?

మోకాళ్ల నొప్పి గురించి చెప్పుకోవడానికి ఊళ్లో రచ్చకట్ట ఉంది. షుగరు, బీపీలకు పల్లె దవాఖానా ఉంది. పంచె తడుస్తోందని చెప్పుకోవడానికి మాత్రం పాలమూరు పెద్దాయనకు మనిషి దొరకడు. కొడుకు పుణెలోనో ముంబైలోనో సెంట్రింగు పనిలో ఉంటాడు. ఇంట్లో ఉన్న కోడలితో ఆ మాట అనలేడు. ఆరోగ్యం అడగడానికి గడప దాకా వచ్చే ఆశా కార్యకర్త కూడా ఆడమనిషే. భార్య బతికుంటే ఆమెకు తెలుస్తుంది, బట్టలు ఉతికేది ఆమే కాబట్టి.

2016 అక్టోబరులో పాలమూరు అని పిలిచే పాత మహబూబ్‌నగర్ నుంచి విడిపోయి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలయ్యాయి. పేర్లు మారినా వలస మారలేదు. ఆనకట్టల మీద, కాలువల్లో తట్టలు మోసిన తరం ఇప్పుడు డెబ్బైల్లో ఉంది. ఆ తరం మగవాళ్లు ఈ ఇబ్బందికి తమకు తోచిన వైద్యమే చేసుకుంటారు. నీళ్లు తగ్గిస్తారు. పెళ్లిళ్లకు, చావులకు పోవడం మానేస్తారు. మంచాన్ని వసారాలోకి మార్చుకుంటారు. ఇంట్లోవాళ్లూ ‘ముసలితనం కదా’ అని ఊరుకుంటారు. ఈ మూడింటిలో ఎక్కువ చెరుపు చేసేది మొదటిదే. నీళ్లు తాగకపోతే మూత్రం చిక్కబడి మూత్రసంచిని మంటపెడుతుంది, అప్పుడు ఇంకా తొందర చేస్తుంది. మలబద్ధకం వచ్చి అదీ మూత్రసంచిని నొక్కుతుంది. గద్వాల వైపు నడిగడ్డ ఎండల్లో రాళ్లు ఏర్పడే ప్రమాదం వేరే. పగలు తాగాల్సినంత తాగి, పడుకునే ముందు రెండు మూడు గంటలు మాత్రం తగ్గించుకోవాలి. చాలామంది దీనికి సరిగ్గా ఉల్టా చేస్తారు.

అసలు గొడవ చాలామందిలో ప్రోస్టేటు గ్రంథితో మొదలవుతుంది. మూత్రసంచి కింద, మూత్రనాళం చుట్టూ ఉండే ఈ గ్రంథి మామూలుగా ఇరవై గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. వయసుతో పెరుగుతుంది. అరవై దాటిన మగవాళ్లలో దాదాపు సగం మందికి, ఎనభై దాటితే పదిమందిలో ఎనిమిది మందికి పైగా ఈ పెరుగుదల ఉంటుంది. ఇది క్యాన్సర్ కాదు. అయితే దారిని నొక్కుతుంది. ధార సన్నబడుతుంది, మొదలవడానికే ఆలస్యమవుతుంది, రాత్రి మూడు నాలుగుసార్లు లేవాల్సి వస్తుంది. సంచి పూర్తిగా ఖాళీ కాదు. ఇక్కడే ఇంట్లోవాళ్లు మోసపోతారు. ‘ఊరికే కారిపోతోంది, ఆగడమే లేదు’ అంటారు. చెరువు అలుగు పారుతోందంటే చెరువు నిండిందని అర్థం. ఈ కారడమూ కొందరిలో అలాంటిదే. లోపల అరలీటరో లీటరో నిలిచిపోయి, పట్టనిది మాత్రమే బయటికి వస్తూ ఉంటుంది. ఈ స్థితిలో మూత్రాన్ని ఆపే మాత్ర ఇస్తే ఉన్న కాస్త దారీ మూసుకుపోవచ్చు. ఇలాగే నెలల తరబడి వదిలేస్తే ఒత్తిడి కిడ్నీల మీద పడుతుంది. ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చే ఇంజక్షన్ కన్నా ముందు కావలసింది ఒక స్కానింగు. మూత్రం పోసి వచ్చాక సంచిలో ఎంత మిగిలిందో అది చెబుతుంది. దాంతోపాటు మూత్ర పరీక్ష, షుగరు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూస్తారు. ప్రోస్టేటుకు చేసే పీఎస్‌ఏ రక్తపరీక్ష అవసరమో కాదో డాక్టరు చెబుతారు.

అన్నీ ప్రోస్టేటు మీదకే తోసెయ్యడానికి లేదు. ఏళ్ల తరబడి అదుపులో లేని షుగరు మూత్రసంచి నరాలను మొద్దుబారుస్తుంది. పక్షవాతం, పార్కిన్సన్ జబ్బు కూడా పట్టు తప్పిస్తాయి. బీపీకి రాసే నీటిమాత్ర వేసుకునే వేళను డాక్టరుతో మాట్లాడి పొద్దుటికి మార్చుకుంటే కొందరికి రాత్రిళ్లు తేలికవుతాయి. జలుబు మాత్రలు కొన్ని ఉన్నట్టుండి మూత్రాన్ని బిగించేస్తాయి. ఇక కల్లు. ఈ ప్రాంతంలో అల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లు గురించి తెలియనివాళ్లు లేరు. రోజూ అది తాగి పడుకున్న మనిషికి సంచి నిండిన సంగతి నిద్రలో తెలియదు. అలా అని ఒక్కసారిగా మానిపించినా ఫిట్స్ వచ్చే ప్రమాదముంది. ఆ పని దవాఖానా పర్యవేక్షణలోనే జరగాలి. డాక్టరుకు ఈ సంగతి దాచకుండా చెప్పాలి.

వైద్యం లేని జబ్బు కాదిది. ప్రోస్టేటు దారిని సడలించే టాంసులోసిన్ లాంటి మాత్రలు కొద్దిరోజుల్లోనే పనిచేస్తాయి. వాటితో లేచి నిలబడగానే కళ్లు తిరగొచ్చు కాబట్టి మంచం అంచున కాసేపు కూర్చుని లేవాలి. గ్రంథిని కుదించే మందులకు ఆరు నెలల దాకా ఓపిక కావాలి. మందులతో కాకపోతే కోత లేకుండా మూత్రనాళం గుండానే గ్రంథిని చెక్కే ఆపరేషన్ ఉంది. సంచి తొందరపెట్టే రకానికి మందులు వేరు, అలవాటు చేయించే పద్ధతి వేరు. తొందర వచ్చినప్పుడు పరుగెత్తకుండా నిలబడి, అపానవాయువును ఆపినట్టు కండరాన్ని బిగబట్టి, తగ్గాక నడవడం నేర్పుతారు. అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ఈ వ్యాయామాన్ని స్త్రీల కోసం ప్రచురించాడు. ప్రోస్టేటు ఆపరేషన్ తర్వాత కారే మగవాళ్లకూ ఇప్పుడు దాన్నే చేయిస్తున్నారు. పోసొచ్చాక నాలుగు చుక్కలు పడే రకం అయితే, వృషణాల వెనక ఉన్న చోటును వేళ్లతో ముందుకు ఒత్తితే చాలు.

చిక్కంతా దూరంతోనే. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు 2022లో మొదలయ్యాయి, గద్వాలకు ఆ తర్వాత వచ్చింది. మొదటి పరీక్షలకు ఇప్పుడు జిల్లా దాటనక్కర్లేదు. ఆపరేషన్ మాట వచ్చేసరికి నడిగడ్డవాళ్లు ఇంకా తుంగభద్ర దాటి కర్నూలు వైపే చూస్తారు. గద్వాల నుంచి హైదరాబాద్ అంతకు మూడు రెట్లు దూరం. గంటకోసారి పోవాల్సిన మనిషి పల్లెవెలుగు బస్సు ఎలా ఎక్కుతాడు? అందుకే ఎక్కడు. జపాన్, బ్రిటన్‌లలో మగవాళ్ల మరుగుదొడ్లలో కూడా వాడిన ప్యాడ్లు వేసే డబ్బాలు పెట్టాలని అడుగుతున్నారు, కొన్నిచోట్ల పెట్టారు. మన బస్టాండ్లలో ముందు తడి లేని నేల, పట్టుకోవడానికి ఒక కడ్డీ ఉంటే అదే పదివేలు.

డైపర్ల లెక్కా చూడండి. ఒక్కోటి 30 రూపాయలనుకుని రోజుకు మూడు వేసినా నెలకు 2,700. వృద్ధాప్య పింఛను 2,016. కారణం వెతక్కుండా డైపరు వేసి సరిపెట్టడం పేదింటికి అన్నిటికన్నా ఖరీదైన వైద్యం. మెడికల్ షాపులో దొరికే యూరిన్ పాట్ మంచం పక్కన, దొడ్డి దాకా ఒక బల్బు పెట్టడానికి అంతకన్నా తక్కువే అవుతుంది. రాత్రి చీకట్లో పరుగెత్తి పడి తుంటి విరిగితే ఆ ఖర్చు చెప్పనలవి కాదు.

మూత్రం పూర్తిగా బంద్ అయి పొత్తికడుపు ఉబ్బినా, రక్తం పడినా, చలిజ్వరం వచ్చినా, కాళ్లలో సత్తువ తగ్గి పట్టు తప్పినా తెల్లవారేదాకా ఆగకూడదు. మిగతావాటికి వారం ఆగొచ్చు, ఏళ్లు కాదు.

పీర్ల పండక్కో ఉగాదికో ఊరొచ్చే కొడుకులకు ఒక విన్నపం. ఆ పొద్దు నాయినను మీరే పక్కకు పిలిచి అడగండి. ‘రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నవ్ నాయినా, పంచె తడుస్తోందా’ అని. అవునంటే పనికి తిరిగి పోయేలోపు జిల్లా ఆసుపత్రికి తీసుకుపోయి స్కానింగు చేయించండి. కొడుకు రాలేని ఇళ్లలో వృద్ధుల కోసం పెట్టిన 14567 నంబరుకు ఫోన్ చేయవచ్చు. డబ్బు కట్టనక్కర్లేదు.